నూట పద్దెనిమిదో నంబరు కోటు

ఆ ఊరు సైన్యం కోసం పుట్టిన ఊరు. ముందు పరేడ్ మైదానం చదును చేశారు. దాని చుట్టూ బ్యారక్‌లు కట్టారు. ఆ తర్వాత సిపాయిల జుట్టు కత్తిరించేవాళ్లు, బూట్లు కుట్టేవాళ్లు, దర్జీలు, బట్టలు ఉతికేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి మైదానం వెనకాల పాకలు వేసుకున్నారు. వందేళ్లయ్యేసరికి పాకలు పెంకుటిళ్లయ్యాయి, సందులు వీధులయ్యాయి, దానికి దండు బజారని పేరొచ్చింది. అక్కడ ఇంటింటా గడియారం ఉంది గానీ చూసేవాడు లేడు. పొద్దున బ్యూగిల్ ఊదితే లేస్తారు, సాయంత్రం ఐదింటికి ఊదితే పని కట్టేస్తారు. సిపాయిలు శిక్షణకని నెల రోజులు అడవిలోకి వెళ్తే బజారు మొత్తం ఈగలు తోలుకుంటూ కూర్చుంటుంది.

దండుకు వందేళ్లు నిండుతున్నాయని కెప్టెన్ ఒకాయన ఊరి చరిత్ర రాశాడు. ముప్పై ఏళ్లు నిండని మనిషి. ఊరికి వచ్చి రెండేళ్లు కాలేదు, వందేళ్ల చరిత్ర రాసేశాడు. అధికారుల పేర్లు, వాళ్ల పతకాలు, ఏ గుర్రం ఏ పందెంలో గెలిచిందో కూడా అందులో ఉంది. బజారు గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం: "స్థానిక వృత్తిదారులు తగిన సహకారం అందించారు."

బజారులో తండ్రి వదిలిపోయిన దర్జీ కొట్టు నడుపుతున్న దర్జీ అక్క ఆ వాక్యం రెండుసార్లు చదివి, "మా నాన్న నడుం విరిగింది తగినంతేనన్నమాట" అని పుస్తకం పక్కన పడేసింది.

ఆ పుస్తకంలో పన్నెండు పేజీలు మాత్రం బజారులో అందరికీ కంఠతా వచ్చు. నలభై మూడేళ్ల కిందట సరిహద్దు మంచుకొండల్లో జరిగిన పోరు అది. ఒక కాపలా చౌకీలో ఉన్న ముప్పై మందిని కిందికి దిగిపొమ్మని ఆజ్ఞ వచ్చింది. వాళ్లు దిగేదాకా శత్రువును ఆపడానికి వాళ్లు కాక ఇంకో ఇద్దరు సిపాయిలు తుపాకీ దగ్గర ఉండిపోయారు. ముప్పై మందీ ప్రాణాలతో దిగారు. ఆరు నెలల తర్వాత మంచు కరిగితే తుపాకీ పక్కన ఒక్క శవమే దొరికింది. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు, మెడలో ఉండాల్సిన గుర్తింపు బిళ్ల లేదు. కోటు కాలరు లోపల కుట్టిన నంబరు పట్టీ మాత్రం ఉంది: నూట పద్దెనిమిది. రెండోవాడు, నూట అరవై నాలుగు, అయిపూ అజా లేడు. ఇంకేముంది, లెక్క తేలిపోయింది. నిలబడ్డవాడు నూట పద్దెనిమిది, పారిపోయినవాడు నూట అరవై నాలుగు. ఒకరి పేరు రాతి స్తూపం మీదికి ఎక్కింది. ఇంకొకరి పేరు పలకడమే మానేశారు.

ఊరు చిన్నది, రెండు కుటుంబాలూ అక్కడే ఉన్నాయి. నూట పద్దెనిమిది కొడుకు ఇప్పుడు దండు బడికి హెడ్మాస్టరు. నూట అరవై నాలుగు భార్య దర్జీ కొట్టు పక్క గదిలో బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసుకుని బతుకుతోంది. అందరికీ ఇస్త్రీ పిన్ని. వెనకాల మాత్రం "పారిపోయినోడి పెళ్లాం" అంటారు, అప్పుడప్పుడు ముందు కూడా అంటారు. ఆవిడ ఆ మాటకు తలెత్తి చూసేది కూడా కాదు. స్తూపం దగ్గర ఏటా జరిగే సభకు బజారంతా వెళ్తుంది, ఆవిడ వెళ్లదు. దర్జీ అక్కకు పదేళ్లప్పుడు తల్లి పోతే జడ వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఈ పిన్నే. అందుకే ఎవరైనా ఆ మాట అంటే దర్జీ అక్కకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

వందేళ్ల పరేడ్ రేపు పదింటికనగా, మధ్యాహ్నం రెండు గంటలకు కెప్టెన్ జీపు దర్జీ కొట్టు ముందు ఆగింది. కెప్టెన్ చేతుల్లో కోటు ఉంది. వెనక హెడ్మాస్టరు.

"అమ్మా, ఇది మన వీరుడి కోటు," అన్నాడు కెప్టెన్. "రేపు సార్ దీన్ని వేసుకుని స్తూపం దాకా నడుస్తారు. తర్వాత అద్దాల పెట్టెలో పెడతాం. ఒకసారి చూసి సరిచెయ్యాలి."

దర్జీ అక్క ఆ కోటు పేరు వినడమే గానీ చేత్తో పట్టుకోలేదు. ఇన్నేళ్లూ అది అధికారుల హాల్లో గోడకు వేలాడింది. ఎడమ పక్క తూటా దూరిన కన్నం, అంచుల్లో పురుగు కొరికిన చోట్లు. నాన్న కుట్టిన కోటే. బొత్తాం కాజా చూడగానే తెలిసింది.

"వేసుకోండి మాస్టారూ, చూద్దాం," అంది.

హెడ్మాస్టరు కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఆయన మామూలుగానే నెమ్మది మనిషి, ఆ క్షణంలో ఊపిరి కూడా మెల్లగా తీశాడు. ఛాతీ సరిపోయింది, పొడవు సరిపోయింది. కుడి భుజం మాత్రం బుడిపెలా పైకి లేచి, మనిషి ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించాడు.

"అక్కడేదో ముద్ద కట్టింది," అన్నాడు కెప్టెన్. "లోపల దూది తీసేసి సమం చేసెయ్యమ్మా. ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట."

"ఐదు బ్యూగిల్‌కి వస్తాం. రేపు పెద్దాఫీసర్లు వస్తున్నారు, వంకర కనపడకూడదు."

జీపు వెళ్లిపోయింది. దర్జీ అక్క కోటును బల్ల మీద తిరగేసి పరిచి, కుడి భుజం దగ్గర లైనింగ్ కుట్లు నాలుగు విప్పింది. వేలు లోపల పెట్టింది. పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది.

అది ముద్ద కట్టిన దూది కాదు. రెండు పొరలు, ఒకదాని మీద ఒకటి, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా ఏటవాలు కుట్టు. ఎడమ వైపు చూస్తే ఒక్క పొరే ఉంది. ఒక భుజం దిగి ఉన్న మనిషికి, పరేడ్‌లో రెండు భుజాలూ సమంగా కనపడాలని వేసే దూది అది. నాన్న అలాంటివి ఊరికే వెయ్యడు. నూట పద్దెనిమిది దిగుడు భుజం మనిషని ఆమె ఎప్పుడూ వినలేదు. దిగుడు భుజం ఎవరిదో మాత్రం తెలుసు. తన మొగుడు కుస్తీ పట్టి కుడి భుజం ఎముక విరగ్గొట్టుకున్న కథ పిన్ని వందసార్లు నవ్వుతూ చెప్పింది.

వీధి తలుపు దగ్గరగా వేసి, ట్రంకు పెట్టె అడుగు నుంచి నాన్న కొలతల పుస్తకం తీసింది. నాన్నకు మనుషులు పేర్లతో గుర్తుండరు, నంబర్లతోనే గుర్తు. ఆ ఏడాది పేజీ వెతికి తీసింది.

"118. ఛాతీ 38, పొడవు 44, చెయ్యి 25. భుజాలు సమం."

ఇంకో రెండు పేజీలు తిప్పితే:

"164. ఛాతీ 38, పొడవు 44, చెయ్యి 25. కుడి భుజం ఒక వేలు దిగుడు. దూది రెండు పొరలు."

దర్జీ అక్క కోటును మళ్లీ దగ్గరకు లాక్కుంది. కాలరు మడిచి నంబరు పట్టీ చూసింది. మూలల్లో రెండేసి అడ్డకుట్లు, వంకర టింకరగా. నాన్న దగ్గర పనిచేసే ముగ్గురు దర్జీల్లో ఎవరూ అలా కుట్టరు. పన్నెండేళ్ల వయసులో తనే అలా కుట్టేది.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజుల్లో రెండు వందల మందికి కోట్లు కావాలని దండు నుంచి మనిషి పరిగెత్తుకొచ్చిన వారం అది. నాన్న, ముగ్గురు దర్జీలు అన్నం కూడా మిషను ముందే తిన్నారు. నంబరు పట్టీలు కుట్టే పని తనది. నాన్న దానికో కట్టు పెట్టాడు: మనిషి వచ్చి కోటు వేసుకుని చూపించాకే పట్టీ కుట్టాలి, ముందు కుట్టకూడదు. అందాకా కోటుకు గుండుసూదితో నంబరు చీటీ ఉంటుంది. మూడో రోజున తొందరలో తను కొక్కెం మీద నుంచి రెండు కోట్లు లాగితే చీటీలు రెండూ ఊడి కింద పడ్డాయి. ఏ చీటీ ఏ కోటుదో తెలియలేదు. నాన్నను అడిగితే చెంప పగిలేది. టేపు తీసి కొలిచింది. ఛాతీ ఒకటే, పొడవు ఒకటే, చెయ్యి ఒకటే. రెండూ ఒకటే అయినప్పుడు ఏదైతేనేమి అనుకుంది. నాన్న చూసేలోపు ఊడిన సంగతి కప్పెయ్యాలని, కట్టు తప్పి రెండు పట్టీలూ కుట్టేసింది.

టేపు ఛాతీ చెబుతుంది, పొడవు చెబుతుంది. భుజం దిగుడు కంటితో చూడాలి. పన్నెండేళ్ల పిల్లకు ఆ కన్ను ఇంకా రాలేదు. మర్నాడు సిపాయిలు వచ్చి వేసుకుని చూసుకున్నప్పుడు ఎవరి భుజానికి ఏది కూర్చుంటే నాన్న వాళ్లకది ఇచ్చి పంపాడు. కాలరు అడుగున కుట్టిన పట్టీని మడిచి చూసుకున్నవాడు లేడు. అది బతికున్నవాడికి పనికొచ్చేది కాదు.

అంటే ఆ తుపాకీ దగ్గర నిలబడ్డది పిన్ని భర్త. నలభై మూడేళ్లుగా ఆవిడను పారిపోయినవాడి పెళ్లాం చేసింది శత్రువూ కాదు, దండూ కాదు. తనే. ఆవిడ వేసిన జడతో తిరిగిన తనే.

గడియారం మూడున్నర చూపిస్తోంది. కత్తెర బల్ల మీదే ఉంది. దూది తీసేస్తే ఇక రుజువు లేదు. మాస్టారు రేపు నిటారుగా నడుస్తాడు, కోటు అద్దాల పెట్టెలోకి పోతుంది, తన తప్పు తనతోనే మట్టిలో కలుస్తుంది. కొట్టున్న స్థలం దండుది. ఏటా వచ్చే అనుమతి కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టేది ఈ కెప్టెనే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఒక మనసు అంటోంది. కందకు దురద లేదని ఎవడు చెప్పాడే అని ఇంకో మనసు మీద పడుతోంది. ఆమె కత్తెర తీసుకుంది, దూది అంచుకు ఆనించింది, మళ్లీ కింద పెట్టింది. అలా మూడుసార్లు చేసింది. ఐదు కావస్తుంటే, నాలుగోసారి కత్తెర ముట్టుకోకుండా, కోటు చేతి మీద వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని పక్క గదికి వెళ్లింది.

పిన్ని చొక్కా చేతుల మీద ఇస్త్రీ పెట్టె నడుపుతోంది. తల ఎత్తకుండానే, "అన్నం తిన్నావా?" అంది.

"పిన్నీ, ఆ పెట్టె పక్కన పెట్టు. నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు. చేతులు పని చేస్తే చెవులు మూసుకుపోతాయా?"

"కాదు. పక్కన పెట్టు."

ఆ గొంతు విని ఆవిడ పెట్టెను నిలబెట్టి కూర్చుంది. దర్జీ అక్క చెప్పడం మొదలుపెట్టింది. చీటీలు ఊడిన సంగతి, పట్టీలు కుట్టిన సంగతి, దూది సంగతి. మధ్యలో ఆగితే మళ్లీ నోరు పెగలదని భయపడి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. చివరికి, "ఆయన పారిపోలేదు పిన్నీ. ముప్పై మందిని కాపాడింది ఆయనే. తప్పంతా నాది. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం," అంది.

పిన్ని కోటు వైపు చూసింది. "ఏ భుజం?"

"కుడిది."

ఆవిడ విప్పిన లైనింగ్ లోంచి చెయ్యి లోపలికి పెట్టింది. దూది పొరలను బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూసింది. దర్జీ అక్క ఆవిడ ముఖంలోకే చూస్తోంది. ఇన్నేళ్ల పరువు తిరిగొచ్చిన మనిషి ఎలా ఉంటుందో అని చూస్తోంది.

"అయితే పోయాడన్నమాట," అంది పిన్ని.

దర్జీ అక్క పిన్ని మోచెయ్యి పట్టుకుంది.

"అప్పుడే పోయాడు. నలభై మూడేళ్ల కిందటే." ఆవిడ చెయ్యి ఇంకా కోటు లోపలే ఉంది. "మొన్న కూడా అనుకున్నానే, డెబ్బై ఐదు దాటుంటాయి, పళ్లు ఊడిపోయుంటాయి, మెత్తగా వండిపెట్టేవాళ్లున్నారో లేదో అని. నీ చిన్నప్పుడు అడిగేదానివి, అందరూ అంత మాటంటుంటే నీకు రోషం రాదా పిన్నీ అని. ఎందుకొస్తుందే? పారిపోయినోడు ఎక్కడో ఒక చోట ఉంటాడు గదా."

దర్జీ అక్కకు తను చేసింది అప్పుడు తెలిసింది. పరువు ఇద్దామని వచ్చి ఆవిడ మొగుణ్ణి తీసుకుపోయింది. ఆమె పిన్ని మోకాళ్ల దగ్గర కూర్చుని, "తీసేస్తాను పిన్నీ," అంది. "నువ్వు ఊ అను, దూది ఇప్పుడే తీసేస్తాను. నేనేమీ చెప్పలేదు, నువ్వేమీ వినలేదు. ఎప్పట్లాగే ఉందాం."

"నువ్వు దూది తీస్తే ఆయన లేచొస్తాడా?"

"రాడు."

"మరి?"

బయట బ్యూగిల్ మోగింది. ఆ మోత ఆగకముందే జీపు వచ్చిన చప్పుడు. కొట్టు ఖాళీగా ఉండడం చూసి కెప్టెన్ పక్క గది గుమ్మంలోకి వచ్చాడు. ఆయన వెనక హెడ్మాస్టరు గుమ్మానికి అవతలే ఆగిపోయాడు. ఆ గుమ్మం ఆయన పుట్టి బుద్ధెరిగాక తొక్కలేదు. చొక్కాలు కూడా పై వీధిలో ఇస్త్రీ చేయించుకునేవాడు.

"ఇక్కడికి ఎందుకు తెచ్చారమ్మా?" కెప్టెన్ గొంతు కరుగ్గా ఉంది. "పని అయిందా?"

"చెయ్యలేదు సార్. చెయ్యను," అంది దర్జీ అక్క. లేచి నిలబడి మొత్తం చెప్పింది. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకుంది, కాలేదు. ఈసారి మాస్టారి ముఖం ఎదురుగా ఉంది.

కెప్టెన్ ముఖం ఎర్రబడింది. "పిడికెడు దూది చూపించి చరిత్ర మార్చమంటారా? పుస్తకం అచ్చయిపోయింది. స్తూపం మీద పేరు చెక్కి నలభై ఏళ్లయింది. మీ చిన్నప్పటి ముచ్చట ఒకటి పట్టుకుని..." కాస్త ఆగి, మెల్లగా అన్నాడు. "మీ కొట్టు ఎవరి స్థలంలో ఉందో గుర్తుందా?"

"గుర్తుంది సార్. మా నాన్న పోయిందీ ఆ స్థలంలోనే, మీ దండు కోట్లు కుడుతూ మిషను ముందే. ఖాళీ చెయ్యమంటే చేస్తాను. ఆ దూది మాత్రం నా చేత్తో తియ్యను."

"ఆ పుస్తకం ఇలా ఇవ్వక్కా," అన్నాడు హెడ్మాస్టరు.

గుమ్మం దాటి వచ్చి కొలతల పుస్తకం తీసుకున్నాడు. రెండు పేజీలూ చదివాడు. పిల్లల పరీక్ష కాగితం చదివినట్టు వేలు పెట్టి ఒక్కో గీత మీదుగా చదివాడు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు చిటపటమన్నాయి.

"మా ఇంట్లో నాన్న ఫోటో ఉంది," అన్నాడు చివరికి. "రోజూ దాని ముందు నిలబడే బడికొస్తాను. భుజాలు సమంగానే ఉంటాయి."

"సార్, ఫోటోల్లో అవన్నీ తెలీవు..." అన్నాడు కెప్టెన్.

"నాకు తెలుస్తుంది కెప్టెన్ గారూ." ఆయన పుస్తకం మూశాడు. "అయితే మా నాన్న పారిపోయాడంటారా?"

ప్రతి ఏడూ సభలో ఆ తండ్రి గురించి మాట్లాడి పిల్లల చేత చప్పట్లు కొట్టించిన మనిషి, నలభై ఐదేళ్ల వయసులో ఇస్త్రీ బట్టల మూటల మధ్య తండ్రి తప్పిపోయిన పిల్లాడై నిలబడ్డాడు. దర్జీ అక్కకు ఆయన కళ్లలోకి చూసే ధైర్యం లేకపోయింది.

పిన్నే మాట్లాడింది. "పారిపోయాడో, ఇంకో పక్క మంచు కింద ఉన్నాడో నాకు తెలీదు బాబూ. ఎవరికీ తెలీదు. కానీ బతికుండొచ్చు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఇన్నాళ్లూ బతికాను. అది మరీ చెడ్డ మాటేం కాదు."

"బతికుంటే ఇన్నేళ్లూ ఎందుకు రాలేదు?"

"ఆ ఒక్కటీ అడక్కు నాయనా. అడిగితే నిద్ర పట్టదు."

హెడ్మాస్టరు తల ఊపాడు. కోటు కుడి భుజాన్ని ఒకసారి చేత్తో సర్ది, లైనింగ్ లోపలికి దోపి, పిన్ని ఒళ్లోకి జరిపాడు.

"రేపు నేను దీన్ని వేసుకోను," అన్నాడు. "పెద్దాఫీసర్లకు ఏం చెబుతారో మీ ఇష్టం. వాళ్లు నన్నడిగితే మాత్రం ఉన్నది చెబుతాను."

కెప్టెన్ కోటు వైపు చూశాడు. ఆయన రాసిన పన్నెండు పేజీలూ ఆ కోటు మీదే నిలబడ్డాయి. ఆ కోటేమో ఒక ముసలావిడ ఒళ్లో ఉంది. లాక్కుని జీపులో వేసుకుని పోవచ్చు. ఆయన చెయ్యి ముందుకు రాలేదు. వయసు చిన్నదైనా మనిషి చెడ్డవాడు కాడు.

"బాబూ," అంది పిన్ని కెప్టెన్‌తో. "ఆయన్ని ఎక్కడ పెట్టారు?"

"అక్కడే అమ్మా. పైన, చౌకీ పక్కనే. కిందికి దించే దారి లేదు అప్పుడు."

"ఇప్పుడైనా వెళ్లే దారుందా?"

"సిపాయిలకే కష్టం. మీరు వెళ్లలేరు."

"పోనీలే. ఎటువైపో చెప్పు."

కెప్టెన్ గుమ్మంలోకి వెళ్లి దిక్కు చూసుకుని, పరేడ్ మైదానం అవతలకి, ఉత్తరంగా చెయ్యి చూపించాడు. పిన్ని కోటు రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మం దాకా వచ్చి అటు తిరిగి నిలబడింది. పని కట్టేసి ఇళ్లకు పోతున్న బజారు జనం ఆగి చూస్తున్నారు. ఆవిడ వాళ్లెవరినీ పట్టించుకోలేదు. మొగుడు పోయిన ఆడదానిలా, వీధిలో అందరూ వినేలా, గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది.